ఛత్రదానము – వర్తకుని భాగము

శ్రాద్ధకర్మలయందు గొడుగును పాదరక్షలను దానమిచ్చు ఆచారము నెవరు ప్రవర్తింపజేసిరని ధర్మరాజడుగగా, ఆనుశాసనిక పర్వమున భీష్ముడు జమదగ్ని కథ చెప్పెను. జమదగ్ని విడిచిన బాణముల నేరి తెచ్చుచున్న రేణుక, జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నమున తలయు పాదములును మాడగా చెట్టునీడన కొంత తడవు నిలిచి ఆలస్యముగా వచ్చెను; కారణము విని, కోపించి, తనపై విల్లెక్కుపెట్టిన మునిని సూర్యుడు శరణువేడి, ఎండను మాన్పకయే, దానికి విరుగుడుగా ఛత్రమును పాదుకలను ఒసగెను. ఇచ్చినవాడెవరో, పుచ్చుకొన్నవాడెవరో కథ చెప్పినది. ఆ గొడుగునకు ఊచలమర్చి గుడ్డ కుట్టినవాని మాట యెత్తలేదు. చేసినవానికిని అమ్మినవానికిని దానఫలమున భాగము కలదా?

ధర పుచ్చుకొన్నవానికి పుణ్యమేలయని తోచవచ్చును. తాతతండ్రులనాటి అంగడి గనుక ధర్మము దానియందే యిమిడియున్నదనియు అనవచ్చును. కాని కేరళమున ఆలప్పుళలో తయ్యిల్ అబ్రహాం వర్గీస్ 1954లో స్థాపించిన సెయింట్ జార్జి గొడుగుల అంగడి, 1995లో కుటుంబము విడివడగా పోపీ, జాన్స్ అను రెండు సంస్థలైనది. పెట్టుబడిని పంచుకొనవచ్చును, పనివాండ్రను పంచుకొనవచ్చును. కొనువాని నమ్మకమును మాత్రము ప్రతి తరమును ప్రతి బేరమునను మరల సంపాదించుకొనవలసినదే.

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి.నగరునకు పోవు రహదారిపై కొత్తపేట అంగళ్లలో, వానకాలమున బేరమాడువాడు మీట నొక్కి గొడుగును తెరచి, ఊచల కొనలయందు కుట్లు గట్టిగా నున్నవో లేవో వ్రేలితో తడవి చూచును. కర్మలకై వచ్చినవాడు తెరువకయే, "దానానికే కదా, తక్కువలో ఏదో ఒకటి ఇయ్యి" అనును. పితరుల పేర నిచ్చిన గొడుగు తొలివానకే విరిగెనేని పుచ్చుకొన్నవాని తల తడియును, ఇచ్చినవానికి దానమను పేరు మాత్రమే మిగులును.

వర్తకమున ధర్మమెట్లు నిలుచునన్న ప్రశ్నకు శాంతిపర్వమున తులాధారుడు సమాధానము. జడలలో పక్షులు గూడు కట్టినను చలింపక తపమొనర్చి గర్వించిన జాజలి, వారాణసిలో మూలికలును సుగంధద్రవ్యములును అమ్ముకొను ఆ వణిజునికడ ధర్మము తెలిసికొనెను. తన త్రాసు సర్వభూతములకును సమముగా తూగుననుటయే ఆతడు చెప్పుకొన్న ఘనత. వాడుకకొక సరకు, దానమునకొక నాసి సరకు అని వేరుచేయని వర్తకుడు లాభము గ్రహించియు దానమున భాగస్వామియే. వేరుచేసినవాడు ఊరక యిచ్చినను కాడు.

కావున పాఠకులారా, దానమునకు గొడుగు కొనునప్పుడు అంగడిలోనే తెరచి చూడుడు. వానలో మీరు పట్టుకొని నడువదగినదైననే కొనుడు.