సమ్మక్క దుర్గ అవతారమేనా?

ఊరి అమ్మవారిని పెద్ద దేవత అవతారమని చెప్పడం ఓరుగల్లుకు కొత్త కాదు. కాకతీయుల పేరుకు మూలమైన కాకతి దేవిని దుర్గ అంటారు. ‘క్రీడాభిరామం’ కాకతమ్మకు తోడుగా ఏకవీరను నిలబెట్టి, ఆమే రేణుక అంటుంది. ఇప్పుడు మేడారం సమ్మక్కనూ దుర్గ అంశ అని, ఆదిశక్తి అని అలవోకగా రాసేస్తున్నారు. ఆ మాట నిజమో కాదో దేన్నిబట్టి తేల్చాలి? పూజను బట్టే తేల్చాలని నేనంటాను. ఆ పూజ ఎవరి చేతుల మీదుగా, ఏ పద్ధతిలో జరుగుతోందన్నదే దేవత ఎవరో చెప్పే సాక్ష్యం. పైనుంచి తగిలించిన పేరు ఆ సాక్ష్యానికి లోబడి ఉండాల్సిందే.

ఈ చిక్కును బాగా ఎరిగినవాళ్ళు ప్రాచీన రోమన్లు. ఏ దేశం వెళ్ళినా అక్కడి దేవతల్లో తమ దేవతలనే చూశారు. క్రీ.శ. 98లో చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల గురించి రాస్తూ ఒక పాత వనాన్ని వర్ణించాడు. అక్కడ విగ్రహం లేదు, పూజారి స్త్రీ వేషంలో ఉంటాడు. ఆ దేవతలు రోమన్ల లెక్కలో క్యాస్టర్, పోలక్స్ అనే కవలలని చెబుతూనే, అక్కడివాళ్ళు పిలిచే పేరు వేరని కూడా రాశాడు. పోలిక తనదని ఒప్పుకున్న ఆ నిజాయితీ గొప్పది. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో వేడినీటి బుగ్గకు అధిదేవత సూలిస్. రోమన్లు ఆమెను మినర్వాతో కలిపి తమ పద్ధతిలో గుడి కట్టారు. కానీ ఆ బుగ్గలో దొరికిన సుమారు 130 లోహపు రేకుల మీద సామాన్యులు రాసుకున్న మొరల్లో ఎక్కువగా కనిపించేది సూలిస్ పేరే. రెండు చేతి తొడుగులు పోగొట్టుకున్న ఒకతను, దొంగకు మతి పోవాలని, కళ్ళు పోవాలని వేడుకున్నాడు. గుడి రాజ్యానిదే అయినా గోడు వినే తల్లి మాత్రం పాత తల్లే.

రోమ్‌కు ఇంకో ముఖం ఉంది. క్రీ.పూ. 396లో వేయీ నగరం పడిపోయినప్పుడు అక్కడి జూనో దేవతను రోమ్‌కు తరలించారు. రోమ్‌కు వస్తావా అని ఒక యువకుడు అడిగితే విగ్రహం తలూపిందని అన్నారట. ఈ కథ చెప్పిన రోమన్ చరిత్రకారుడు లివీ కూడా దాన్ని పూర్తిగా నమ్మినట్టు కనిపించడు. ఓడినవాళ్ళ దేవత సమ్మతిని గెలిచినవాళ్ళే చెప్పడం నాకు మింగుడుపడదు.

మేడారంలో జరిగింది దీనికి తలకిందులు. కాకతీయ సేనతో పోరాడి సమ్మక్క చిలకలగుట్టలో అదృశ్యమైందని, అక్కడ కుంకుమభరిణె దొరికిందని కోయల కథ. గెలిచిన రాజధాని ఆ తల్లిని తెచ్చుకోలేదు. ఆ రాజధాని ప్రజలే ఇప్పుడు రెండేళ్ళకోసారి, మాఘ పున్నమి వేళ, ఆ తల్లి జాతరకు అడవికి వెళ్తున్నారు. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సమ్మక్క కూతురు సారలమ్మ వస్తుంది. మర్నాడు కోయ పూజారులు గుట్ట మీది నుంచి సమ్మక్కను తెస్తుంటే భక్తులు ఎదురుకోళ్ళు ఇస్తారు, పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి స్వాగతం చెబుతారు. రాజ్యాన్ని ఎదిరించిన స్త్రీకి రాజ్యమే వందనం చేస్తున్నదన్నమాట. గద్దెల మీద విగ్రహం ఉండదు. భక్తులు సమర్పించే బెల్లాన్నే బంగారం అంటారు. నాలుగో రోజు తల్లులు వనంలోకి వెళ్ళిపోతారు. ఈ క్రమంలో ఏ ఒక్కటీ దుర్గా పూజలోంచి వచ్చింది కాదు.

శక్తి ఒక్కటే అయినప్పుడు ఈ తేడాలెందుకని అద్వైతులు అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. అయితే ఒక్కటే అయిన శక్తి కుంకుమభరిణెలోనూ సంపూర్ణంగానే ఉండాలి కదా! దుర్గ పేరు చేరిస్తేగాని సమ్మక్కకు నిండుదనం రాదనుకోవడమే అద్వైతానికి విరుద్ధం. పూజలు కాలంతో మారవా అన్నది మరో ఆక్షేపణ. మారతాయి. వరంగల్ భద్రకాళి ఉగ్రరూపాన్ని 1950లో, నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి, శాంతరూపంగా మార్చారని చెబుతారు. ఆ మార్పు అమ్మను కొలిచేవాళ్ళే చేసుకున్నారు గనుక దాన్ని నేను తప్పుపట్టను. పెద్ద పేరు తోడైతే చిన్న దేవతకు రక్షణ అనే వాదన మాత్రం మేడారం ముందు నిలవదు. ఏ పురాణం అండా లేకుండానే అక్కడికి లక్షల మంది వస్తున్నారు.

భక్తుడు తన మనసులో సమ్మక్కను దుర్గ అనుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. కానీ బోర్డుల మీద, పాఠ్యపుస్తకాల్లో, ప్రభుత్వ కరపత్రాల్లో ఆ మాట రాసేవాళ్ళు ముందు కోయ పూజారులను అడగాలి. వాళ్ళు కాదంటే రాయకూడదు.