ఎక్కుట – మ్రొక్కుట

కొండలు భగవంతుని విభూతులని పెద్దలు చెప్పుదురు. గీతాచార్యుడు పదవ అధ్యాయమున తన విభూతులను వివరించుచు, శిఖరములు గలవానిలో మేరువును, కదలనివానిలో హిమాలయమును తానే యని తెలిపెను. వైష్ణవులకు కొండ యనినంతనే వేంకటాద్రి, అహోబిలము, సింహాచలము, యాదగిరి మనస్సున మెదలును. ఆ కొండలపై స్వామి వెలసియున్నాడు. స్వామి దర్శనమునకై భక్తుడు ఎక్కుచున్నాడు. ఇందు ప్రశ్నకు తావు లేదు. కాని గుడి లేని కొండ, చెట్టు నీడయు గ్రుక్కెడు నీరును దొరకని ఎడారి నడుమ నిలిచిన కొండ – దానిని మానవుడు ఏల ఎక్కవలెను? అట్టి ఆరోహణము తపస్సా, అహంకారమా? ఎక్కవలదని ఒకరు వేడుకొనినప్పుడు ఎక్కుట ధర్మమా? ఈ ప్రశ్నలు దూరదేశములకు చెందినట్లు తోచినను, మెట్లదారిన తిరుమల చేరు ప్రతి యాత్రికునికిని సంబంధించినవే.

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో మృత్యులోయ అను పేరుగల ఎడారి కలదు. 1913 జూలై 10వ తేదీన అచ్చట 56.7 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నమోదయినది. సంవత్సరమంతయు కురియు వాన సుమారు 5 సెంటిమీటర్లు మాత్రమే. ఆ లోయలో అతి పల్లపు తావు సముద్రమట్టమునకు 86 మీటర్లు దిగువన నున్నది. దానికి పడమట టెలిస్కోప్ శిఖరము 3,360 మీటర్లకు పైబడి లేచి నిలిచినది. పైకి పోవు కాలిబాట ఒకవైపునకే సుమారు 11 కిలోమీటర్లు. దారిలో నీరు లేదు. వేసవిలో క్రింద లోయ నిప్పుల కొలిమి. శీతకాలమున పైన మంచు. అయినను శిఖరము చేరువలో, రాతినేలలో, వందల వేల యేండ్లు జీవించు పైను వృక్షములు గాలికి మెలిదిరిగి నిలిచియున్నవి. వానకై ఆరాటపడక, లభించినదానితో తృప్తిపడి బ్రదుకు ఆ వృక్షములను చూచినవారికి అపరిగ్రహమనగా నేమో వేరుగా బోధింప నక్కరలేదు.

ఇట్టి కొండల నెక్కువారు కొన్ని నియమములను పాటింతురు. త్రాగు నీటిని తామే మోసికొనిపోవుదురు. వేడి కాలమున తెల్లవారకముందే బయలుదేరుదురు. వెళ్ళు దారిని, తిరిగివచ్చు వేళను ఇంటివారికి తెలిపిపోవుదురు. తెచ్చినదేదియు అచ్చట విడువరు, అచ్చటిదేదియు తీసికొనిరారు. అన్నిటికంటె కఠినమైన నియమము మరియొకటి గలదు. నీరు సగమయినను, ఆకాశము మారినను, శిఖరము కనుచూపు మేరలో నున్నను వెనుదిరుగవలెను. ఫలము చేతికందు వేళ దానిని విడువగలుగుట సామాన్యమైన నిగ్రహము కాదు. ఈ దృష్టితో చూచినచో గుడి లేని కొండయు ఒక సాధనభూమియే.

అయితే అహంకారము సాధన నీడలోనే పొంచియుండును. కాలిఫోర్నియాలో సియెరా క్లబ్బు అను సంస్థ 1892లో ఏర్పడినది. ఎడారి శిఖరములకై దానిలో ఒక ప్రత్యేక శాఖ 1941లో వెలసినది. ఆ శాఖ సుమారు నూరు శిఖరముల పట్టికను కూర్చినది. పెక్కు శిఖరములపై ఒక డబ్బాలో పుస్తకము నుంచుదురు. చేరినవారు అందు పేరు, తేదీ వ్రాయుదురు. వ్రాసినవారు తరువాత దారి తప్పినచో వారిని వెదకుటకు ఆ వ్రాత ఉపకరించును గనుక అది మంచి ఏర్పాటే. కాని మనస్సు విచిత్రమైనది. పేరు వ్రాసిన క్షణమున కొండ వెనుకకు పోయి, పేరు ముందుకు వచ్చును. ఎన్ని ఎక్కితిమను లెక్క మొదలయిన తరువాత, ఏమి చూచితిమను తలపు సన్నగిలును. తిరుమల మెట్లదారిలో, ఇన్ని గంటలలో ఎక్కితిమని చెప్పుకొనువారికిని ఈ ప్రమాదము తప్పదు.

ఇంతవరకు ఎక్కువాని మనస్సును గూర్చిన విచారణ. ఇక కొండను ఆరాధించువారి మనస్సును గూర్చి విచారింపవలెను. అరిజోనా రాష్ట్రమున మెక్సికో సరిహద్దు చేరువలో బబోకివరి అను శిఖరము గలదు. తొహోనో ఓధమ్ అను ఆదివాసులకు అది లోకమునకు కేంద్రము. వారి సృష్టికర్త ఐతోయ్ ఆ కొండ గుహలో నివసించునని వారి విశ్వాసము. గుహలో కానుకలుంచి మ్రొక్కుదురు. కొండ పడమటి వైపు వారి భూమిలో నున్నది. అటునుండి పోయి బస చేయగోరువారు వారి అనుమతి పొందవలెను. గృహస్థుని అడిగి గడప దాటుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

గృహస్థుడే వలదనినచో? ఆస్ట్రేలియా నడుమ ఎఱ్ఱని ఎడారిలో ఉలూరు అను మహాశిల 348 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. దాని చుట్టుకొలత 9.4 కిలోమీటర్లు. అనంగు అను ఆదివాసులకు అది పరమ పవిత్రము. జనులు ఎక్కుచు వచ్చిన దారి వారి పూర్వులు నడచిన పుణ్యమార్గమని వారి నమ్మకము. 1964లో ఎక్కువారి కొరకు ఇనుప గొలుసు బిగించిరి. 1985 అక్టోబరు 26న ప్రభుత్వము ఆ భూమిని అనంగులకు తిరిగి అప్పగించెను. వారు వెంటనే దారిని మూయలేదు. ఎక్కవలదని మాత్రము వేడుకొనిరి. వేడుకోలు వ్రాసిన పలకను చదివియు వేలకొలది జనులు ఎక్కిరి. ఎక్కుచు ప్రాణములు కోలుపోయినవారు ముప్పదిమందికి పైగా నుందురు. తమ యింటికి వచ్చిన అతిథి మరణించినట్లు అనంగులు ఆ మరణములకు దుఃఖించిరి. పైన మరుగుదొడ్లు లేనందున, వాన పడినప్పుడు ఆ మాలిన్యము క్రింది నీటిగుంటలలోనికి దిగెను. తుదకు 2017లో అచ్చటి పాలకమండలి ఏకగ్రీవముగా తీర్మానించి, 2019 అక్టోబరు 26 నుండి ఆరోహణమును నిలిపివేసెను. మూసివేతకు ముందు దినములలో, ఇక అవకాశము లేదని, జనులు బారులు తీరి ఎక్కిరి. ప్రార్థనను మన్నించువారు కొందరే. ఆజ్ఞకు లోబడువారు అందరును. మనుష్య స్వభావమందలి దైన్యము ఇదియే.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగును. భూమి భగవంతునిది; కొండను మానవుడు చేయలేదు; దానిని ఎక్కవలదనుటకు ఒక జాతికి అధికారమెక్కడిది అని. ఆక్షేపణ బలమైనదే. కాని భగవంతునిదను వాక్యమే దానికి సమాధానము. సమస్త ప్రపంచము నారాయణునికి శరీరమని విశిష్టాద్వైత సిద్ధాంతము. శరీరమయినచో, ఏ కొండయు వట్టి రాయి కాదు. ఎవరును తమ హక్కుగా త్రొక్కదగినది కాదు. భగవంతునిదను మాట ఎక్కువానికి హక్కు నీయదు, భయభక్తులను నేర్పును. అంతేకాక, ఒకరు ప్రాణసమముగా పూజించుదానిపై వారి కన్నుల యెదుట పాదము మోపుట, కొండకు కాకున్నను, వారి హృదయమునకు అపచారము. పరుల హృదయమున నున్నవాడును అంతర్యామియే గదా!

వైష్ణవ సంప్రదాయమున ఈ ధర్మసంకటమును మహనీయులు రెండు విధముల పరిష్కరించిరి. వేంకటాచలము ఆదిశేషుని రూపమని ఎంచి, భగవద్రామానుజులు పాదములతో త్రొక్కుటకు జంకి మోకాళ్ళతో ఎక్కిరని పెద్దలు చెప్పుదురు. మోకాళ్ళ పర్వతమను పేరు నేటికిని ఆ కథను తలపించుచున్నది. చైతన్య మహాప్రభువు గోవర్ధనమును కృష్ణస్వరూపముగా భావించి, దానిపై ఎన్నడును కాలు మోపనని నిశ్చయించుకొనిరి. కొండపైనున్న గోపాలుని చూడవలెనను కోరిక ఉండెను. ఎక్కరాదను వ్రతమును ఉండెను. తురకల దండు వచ్చునను భయముచే అర్చకులు విగ్రహమును దిగువ గ్రామమునకు చేర్చగా, మహాప్రభువునకు అచ్చటనే దర్శనమాయెను. ఒకరు ఎక్కిరి, ఒకరు ఎక్కలేదు. ఇరువురిని నడిపించిన భావము ఒక్కటియే.

మరి అట్టి నిష్ఠ లేని సామాన్యుని గతి యేమి? తాళ్ళపాక చిన్నన్న అన్నమాచార్య చరిత్రములో చెప్పిన కథ ఇందుకు ఉత్తరువు. ఎనిమిదేండ్ల అన్నమయ్య చెప్పులతోనే కొండ ఎక్కి, మోకాళ్ళ ముడుపు కడ అలసి పడిపోయెను. అలమేలుమంగమ్మ కనిపించి కసరలేదు, వెడలగొట్టలేదు. సాలగ్రామమయమైన కొండపై చెప్పులు తగవని తెలిపి, ప్రసాదము పెట్టెను. చెప్పులు విడిచిన బాలునికి కొండ తన స్వరూపమును చూపెను. విడువవలసినది కొండను కాదు, చెప్పులను. అనగా దానిని క్రిందుపరచుకొను భావమును.

పడమటి టిబెట్టులోని శీతల ఎడారిలో కైలాస శిఖరమును ఇంతవరకు ఎవరును ఎక్కలేదు. అయినను దాని చుట్టు సుమారు 52 కిలోమీటర్ల ప్రదక్షిణము యుగములుగా సాగుచున్నది. ఎనిమిదివేల మీటర్లు మించిన పదునాలుగు శిఖరములను 1986 నాటికి మొట్టమొదట ఎక్కి ముగించిన రైన్‌హోల్డ్ మెస్నర్, కైలాసమునకు అనుమతి లభింపనున్నను ఎక్కుటకు నిరాకరించెను. ఉలూరులోను గొలుసు పోయినది గాని, చుట్టు నడచు బాట తెరచియే యున్నది. దాని పొడవు పది కిలోమీటర్లకు మించును. ప్రదక్షిణము చేయువాడు కొండను అన్ని వైపుల నుండి చూచును; శిఖరముపై నిలిచినవానికి కనబడనిది ఆ కొండ యొక్కటియే.

కాబట్టి ఎక్కుట పాపము కాదు, ఎక్కకుండుట మాత్రమే పుణ్యమును కాదు. ఆ కొండను పూజించువారు పిలిచినచో వినయముతో ఎక్కవలెను; వలదనినచో సంతోషముతో మ్రొక్కి మరలవలెను; పూజించువారెవరును కనబడని ఎడారి శిఖరమును అంతర్యామి ఆలయముగా నెంచి, మాలిన్యము మిగుల్చక దిగిరావలెను. అలిపిరి మెట్లదారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. దానిని ఎక్కు యాత్రికులు పెక్కురు మొదటి మెట్టును చేతితో తాకి కన్నుల కద్దుకొందురు. పాదము మోపుటకు ముందు చేయి మోపుట – ఆ యాచారములోనే కొండనెక్కు ధర్మమంతయు నిమిడియున్నది.