మేస్త్రీ దాచిపెట్టిన ద్వారబంధం

రేణిగుంట రైల్వే స్టేషన్ అవతల ఒక సందులో, గూడ్సు గార్డుగా రిటైరైన ఒకాయన ఇల్లుండేది. వీధి దక్షిణం. మన వైపు దక్షిణం వీధి స్థలమంటే బేరానికి ఎవరూ ముందుకు రారు. అందుకే చవగ్గా దొరికింది, ఆయన కొనేశాడు. గూడూరు లైనూ చెన్నై లైనూ గుంతకల్లు లైనూ తిరిగిన మనిషికి డ్యూటీలో ఉన్నన్నాళ్లూ దిక్కుల గురించి ఆలోచించే తీరిక లేదు. దిక్కుల భయం పెన్షన్‌తో పాటు మొదలైంది.

ఒక ఏడు పెద్దకొడుకు ఉద్యోగం పోయింది, ఇంట్లో బోరు ఎండింది. ఆ ఏడు వీధిలో అందరి బోర్లూ ఎండాయి. ఆ సంగతి, వాస్తు చూడ్డానికి పిలిచిన సిద్ధాంతికి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

"దక్షిణం యముడి దిక్కు గదప్పా! ఆ వాకిలి మూసేయ్. తూర్పు ఈశాన్యంలో కొత్త వాకిలి పెట్టు. ఈశాన్యంలో మెట్లుండాయి, అది బరువు. వాటిని ఆగ్నేయం పక్కకు మార్చు" అన్నాడు సిద్ధాంతి.

మేస్త్రీ వచ్చాడు. దక్షిణం వాకిలి మూశాడు, ఈశాన్యంలో గోడ కొట్టి కొత్తది పెట్టాడు. మెట్లు ఆగ్నేయానికి మారేసరికి వంటింటి కిటికీకి అడ్డం పడ్డాయి. ఎటూ తెరుచుకోని కిటికీ ఎందుకని దానికీ ఇటుకలు పెట్టేశాడు. ఆ పనికి వేరే కూలి కూడా అడగలేదు.

పీకిన టేకు ద్వారబంధం వరండాలో పడుంది. "దీన్ని అమ్మేద్దామా మేస్త్రీ?" అన్నాడు గార్డు.

"యాల సామీ! నా షెడ్డులో పెడతాలే. మళ్లా కావాల్సొస్తాది."

మేస్త్రీకి ఏ శాస్త్రమూ రాదు. ఇళ్లవాళ్లు మాత్రం బాగా తెలుసు.

తర్వాత చిన్నకొడుకు పెళ్లయింది. కోడలు బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల, ఆమె నమ్మకం చైనా వాస్తు అయిన ఫెంగ్ షుయ్ మీద. హాల్లోకి నవ్వే బుద్ధుడు వచ్చాడు. నోట్లో నాణెం కరుచుకున్న మూడుకాళ్ల కప్ప, ఎర్ర రిబ్బను కట్టిన వెదురు, గాలికి మోగే గొట్టాలు వచ్చాయి. వీధి వైపు గోడకు ఎనిమిది మూలల అద్దం తగిలించారు. చెడును అది వెనక్కి తిప్పికొడుతుందట. వెనక్కంటే ఎదురింట్లోకే గదా! మర్నాటికి ఎదురింటి గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ, వారానికి దాని పక్కన ఇంకా పెద్ద అద్దం. హాంకాంగ్‌లో ఇలాంటి అద్దాల మీద ఇరుగుపొరుగు తగువులు మామూలే. రేణిగుంట ఆ విషయంలో వెనకబడలేదు.

ఫోన్లో దిక్సూచి పెట్టుకుని ఫెంగ్ షుయ్ చెప్పే ఆయన వచ్చాడు. "దక్షిణ ముఖమా? ఇంతకన్నా మంచి ముఖం ఏముంది! ఎవరు మూయించారు దీన్ని?" అన్నాడు.

చిన్నకొడుకు తెరవాలన్నాడు. తండ్రి, పెద్దకొడుకు ఒప్పుకోలేదు. రెండు నెలలు ఇంట్లో మాటల్లేవు. చివరికి తెరిచారు, మేస్త్రీ ద్వారబంధం తెచ్చాడు. ఆర్నెల్లకు పెద్దాయనకు కాలు బెణికింది, మళ్లీ మూశారు. తర్వాత ఇంకోసారి తెరవాలన్న మాట వచ్చింది.

ఇదంతా జరుగుతుంటే ఇంటావిడ వంటింట్లో సంగటి కెలుకుతూనే ఉంది. ఎండుమిరపకాయల పోపు పడితే ఘాటు బయటికి పోయే దారి లేదు. దగ్గు పట్టుకుంది. తిరుపతికి తీసుకెళ్తే డాక్టరు ఛాతీ చూసి, "వంటింట్లో కిటికీ ఉందా అమ్మా?" అని అడిగాడు.

"ఉండింది సార్" అందామె.

ఇంటికి వచ్చేసరికి మేస్త్రీ వాకిలి తెరవడానికి సుత్తి పట్టుకుని నిలబడున్నాడు. "నాయనా, ఆ వాకిలి సంగతి వాళ్లు తేల్చుకోనీ. ముందు నా కిటికీ తెరిచి పో" అందామె.

"ఏమ్మే, మెట్లు అడ్డముండాయి గదా?" అన్నాడు గార్డు.

"అక్కడ పెట్టమని నేను జెప్పినానా?"

ఆ ప్రశ్నకు ముగ్గురు మగవాళ్లలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. మేస్త్రీ మెట్లు కొట్టేసి పడమటి గోడ పక్కకు మార్చాడు, కిటికీ తెరిచాడు. పొద్దున్నే పొయ్యి మీదికి ఎండ వచ్చింది. దగ్గు తగ్గింది. సిద్ధాంతి చూసి "వంట చేసేవాళ్లకు తూర్పు వెలుతురు, వాస్తు చెప్పేది ఇదే" అన్నాడు. ఫెంగ్ షుయ్ ఆయన ఫొటో చూసి "ఇప్పుడు శక్తి ప్రసరిస్తోంది" అని మెసేజ్ పెట్టాడు. దక్షిణం వాకిలి కూడా తెరిచారు. ఎవరికి నచ్చిన వాకిట్లో వాళ్లు తిరుగుతున్నారు.

నీతి: ఇంటికి దిక్కు చూసే ముందు, ఆ ఇంట్లో రోజంతా ఉండే మనిషిని అడగాలి.

శాస్త్రాలను తీసిపారెయ్యమని ఈ కథ చెప్పదు. ఉత్తర చైనాలో చలికాలం ఉత్తరపు గాలి ఎముకలు కొరుకుతుంది. అందుకని ఉత్తరాన కొండ, దక్షిణాన వాకిలి మంచిదన్నారు. 1420లో పూర్తయిన బీజింగ్ రాజప్రాసాదం దక్షిణానికే చూస్తుంది. కందకం తవ్విన మట్టిని దాని వెనక, ఉత్తరాన, కొండగా పోశారు. ఆ గాలి రేణిగుంటకు రాదు. మనకున్నది మే నెల వడగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు ఇంటి మట్టం ఎంత ఎత్తు, కాలువ ఎటు అన్నవే అక్కరకొచ్చాయి. ఇంకో సంగతి, ఫెంగ్ షుయ్ పాత గ్రంథాల్లో పేరున్నది సమాధులకు చోటు చూడటం గురించి. దాన్ని హాల్లో కప్ప బొమ్మ దాకా తెచ్చింది అంగడి వాళ్లు.

మన వాస్తులోనూ తెలివైన మాటలున్నాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో స్థలం చూసే పద్ధతి చెప్పాడు. గుంట తవ్వి, ఆ మట్టితోనే పూడ్చాలి. మట్టి మిగిలితే మంచి నేల, చాలకపోతే వదిలేయాలి. పునాది వేసే మేస్త్రీ ఎవరైనా ఒప్పుకునే పరీక్ష అది. ఎవరి మనసుకు ఏ చోటు హాయిగా ఉంటుందో అదే వాళ్లకు శుభమని కూడా అన్నాడు. ఈ మాట మాత్రం ఇంటికొచ్చే సిద్ధాంతులు ఎందుకో చెప్పరు. చెబితే ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి అడగాల్సి వస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే శ్రీకాళహస్తీశ్వరుడు పడమర ముఖంగా ఉన్నాడు. దేవుడి లెక్క వేరంటారు. సరే, వంట చేసే మనిషి లెక్కైనా చూడాలి గదా!

ఈసారి ఏ పండితుడికైనా ఫోన్ చేసే ముందు ఒక పూట మీ వంటింట్లో పొయ్యి ముందు నిలబడండి. పోపు ఘాటు ఎటు పోతుందో చూడండి. అక్కడ పనిచేసే ఆమెను ఏం కావాలో అడిగి, ఆమె చెప్పిందే మేస్త్రీకి చెప్పండి.