హారంలో దాగిన అభావం

కాగితం కింది అంచున, ఎడమ మూల, పెన్సిల్‌తో 12/75 అని రాసి ఉంటుంది. నడుమ బొమ్మ పేరు, కుడి మూల చిత్రకారుడి సంతకం. ఎచింగ్‌లూ లితోగ్రాఫ్‌లూ కొని దాచుకునేవాళ్ల చూపు చాలాసార్లు బొమ్మకన్నా ముందు ఆ ఎడమ మూలకే పోతుంది. బళ్లో నేర్చుకున్న భిన్నాల లెక్క ఇక్కడ చెల్లదు. 12/75ను కుదించి 4/25 చేస్తే లెక్కల మాస్టారు మెచ్చుకుంటాడు, గ్యాలరీ యజమాని గుండె పట్టుకుంటాడు.

పైనున్న లవం చేతిలో ఉన్న కాగితం సంగతి చెబుతుంది. కిందనున్న హారం చేతిలో లేనివాటి సంగతి చెబుతుంది. ఇలాంటివి మరో 74 ఎక్కడెక్కడో ఉన్నాయనీ, 76వది ఎక్కడా లేదనీ, ఇక పుట్టబోదనీ దాని భావం. కొనేవాడు ఎక్కువ డబ్బు పెట్టేది ఈ ఆఖరి మాటకే. అంటే అతను బొమ్మతో పాటు ఒక లేమిని కూడా కొంటున్నాడు. లేనిదాన్ని ఎలా కొంటారు? లేకపోవడం కూడా లోకంలో ఉన్నవాటి లెక్కలోకి వస్తుందా?

మన తార్కికులు ఈ ప్రశ్నను ఎప్పుడో పట్టుకున్నారు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. తర్కం మొదలుపెట్టే పిల్లల కోసం రాసిన ఆ చిన్న పుస్తకం ఉన్నవాటన్నిటినీ ఏడు పదార్థాల కింద సర్దుతుంది. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అయ్యాక ఏడోది అభావం. వైశేషిక దర్శనానికి మూలపురుషుడైన కణాదుడి పట్టికలో పదార్థాలు ఆరే. తరువాతివాళ్లు లేమికి కూడా పీట వేసి కూర్చోబెట్టారు. నేల మీద కుండ లేదన్నప్పుడు ఆ ‘లేదు’ ఊహ కాదు, అక్కడ ఉన్న నిజమే అన్నది వాళ్ల పట్టు. అది మనకు తెలిసేదెలా అన్న దగ్గర మళ్లీ జగడం. కంటితోనే తెలుస్తుందన్నారు నైయాయికులు. కాదు, దానికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం కావాలన్నారు భాట్ట మీమాంసకులు, అద్వైతులు.

అభావం నాలుగు రకాలు. కుండ పుట్టకముందుది ప్రాగభావం, పగిలాక వచ్చేది ప్రధ్వంసాభావం. గాలికి రంగు లేనట్టుగా మూడు కాలాల్లోనూ లేనిది అత్యంతాభావం. ఇది అది కాదు అనేది అన్యోన్యాభావం. మరి ఆ 76వ ప్రతి వీటిలో ఏ గదిలోకి వెళ్తుంది? ప్రాగభావం అందామంటే వస్తువు పుట్టినప్పుడు ఆ లేమి తీరిపోవాలి, ఇక్కడేమో పుట్టదనే ఒప్పందం. ధ్వంసం అందామంటే అది అసలు పుట్టనేలేదు. అత్యంతాభావం అందామంటే అది ఒకరు తలచుకుంటే వచ్చేది కాదు. నిన్నటిదాకా రాగి రేకు బల్ల మీదే ఉంది, సిరా ఉంది, ప్రెస్ ఉంది, 76వది తీయడానికి అడ్డేమీ లేదు. పుట్టగలిగినదాన్ని పట్టుబట్టి ఎన్నటికీ పుట్టనిదానిగా మార్చడమే లిమిటెడ్ ఎడిషన్ చేసే పని. తర్కశాస్త్రం దీనికి ఒక గది కట్టకపోవడం దాని తప్పు కాదు, అప్పటికి ఇలాంటి వ్యాపారం లేదు.

ఆ మార్పు జరిగేది ముద్రణశాలలో. చిత్రకారుడు రాగి రేకు మీద గీసిన గీతల్ని ఆమ్లం తింటుంది. ఆ గాట్లలోకి సిరా పట్టించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్ కింద నడుపుతారు. మొదట కొన్ని పరీక్ష ప్రతులు తీస్తారు. వాటిలో ఒకటి నచ్చితే, ఇక అచ్చు వేయొచ్చని దాని మీద ఫ్రెంచివాళ్లు ‘బోన్ ఆ టిరే’ అని రాస్తారు, మిగతావన్నీ దానితో సరితూగాలి. చిత్రకారుడు తనకోసం ఉంచుకునేవి ఆర్టిస్ట్ ప్రూఫులు. వాటి మీద అంకెకు బదులు ఏ.పి. అని, ఫ్రాన్సులో ఈ.ఏ. అని రాస్తారు. ఇవి ఎడిషన్‌లో పదోవంతు దాకా ఉండటం వాడుక. అమ్మకానికి కాదంటూ హెచ్.సి. అన్న గుర్తుతో మరికొన్ని ఉంటాయి, అవే తరువాత వేలంపాటల్లో తేలడం వేరే ముచ్చట. అంటే 76వది లేదన్న మాటలో ముందే కొంచెం సందు ఉంది. లెక్కకు రానివి లెక్క బయట బతుకుతుంటాయి.

పని అయ్యాక రేకు మీద అడ్డంగా గీతలు కొట్టేస్తారు. లితోగ్రాఫ్ అయితే రాయిని అరగదీసి బొమ్మను చెరిపేస్తారు. గీత పడ్డ రేకు నుంచి ఒక ప్రతి తీసి సాక్ష్యంగా దాచే పద్ధతీ ఉంది. నైయాయికుడు అడిగింది దొరికినట్టే, లేమి కంటికి కనబడుతోంది.

ఇదంతా అనాదిగా వస్తున్న ఆచారం అనుకోనక్కరలేదు. రెంబ్రాంట్ తన ఎచింగ్‌ల మీద అంకెలు వేయలేదు. రేకును మారుస్తూ, మళ్లీ అచ్చు వేస్తూ పోయాడు. సంతకం గొడవ అంతకన్నా పాతది. డ్యూరర్ కొయ్య దిమ్మల మీద చెక్కించిన మేరీమాత జీవితఘట్టాల బొమ్మల్ని మార్కాంటోనియో రైమోండి మక్కికి మక్కి రాగి మీద చెక్కి అమ్ముకున్నాడు. డ్యూరర్ వెనిస్ వెళ్లి ఫిర్యాదు చేస్తే, బొమ్మను అనుకరించడం మీద కాదు, ఆయన ‘ఏ.డి.’ గుర్తును వాడటం మీదే నిషేధం వచ్చిందని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వాసరి కథనం. అమ్మవారి బొమ్మ అందరిదీ, అడుగున ఉన్న రెండు అక్షరాలు మాత్రం ఒకరివి.

పెన్సిల్ సంతకం 1880ల్లో విస్లర్, ఆయన బావ సీమోర్ హేడెన్ వంటివాళ్ల చేతుల్లో స్థిరపడింది. విస్లర్ గుర్తు సీతాకోకచిలుక. కాగితం అంచుల్ని బొమ్మ దాకా కత్తిరించేసి, ఆ సీతాకోకచిలుక వాలడానికి మాత్రం కింద ఒక చిన్న నాలుక వదిలేవాడు. బొమ్మకు మార్జిన్ అక్కరలేదు, సంతకానికి కావాలి! పెన్సిలే ఎందుకంటే, అది చేత్తో రాసిందని చూడగానే తెలుస్తుంది. ముద్రణ సిరా పక్కన దాని బూడిదరంగు మెరుపు వేరుగా ఉంటుంది, కాగితంలో చిన్న గాడి పడుతుంది.

ఇక లవం. 1/75 చేతికొస్తే అదే మొదట ప్రెస్ దాటిందని కొనేవాళ్లు మురిసిపోతారు. అలా ఉండాలన్న నియమం లేదు. తడి కాగితాలు ఆరబెట్టి, దొంతర పెట్టి, తీరిక దొరికినప్పుడు ఏది ముందు చేతికొస్తే దాని మీద ముందు అంకె వేస్తారు. డ్రైపాయింట్‌లో వరుసకు నిజంగానే విలువ ఉంది. సూది గీసినప్పుడు గీత పక్కన లేచే రాగి పొరక సిరాను పట్టి మెత్తటి నలుపునిస్తుంది, కొన్ని డజన్ల ప్రతులకే అది అణిగిపోతుంది. వరుస తెలియాల్సిన ఆ చోట కూడా అంకె దాన్ని తప్పక చెబుతుందని నమ్మలేం. వైశేషికులు సంఖ్యను గుణాల్లో చేర్చారు గాని, రెండు మొదలుకొని పై సంఖ్యలు చూసేవాడి అపేక్షాబుద్ధి వల్లే పుడతాయన్నారు. ఇదొకటి, ఇదొకటి అని కలిపి చూసే మనసు లేకపోతే ‘రెండు’ ఉండదు, ఆ బుద్ధి పోగానే అదీ పోతుంది. ప్రెస్ మీది కాగితంలో పన్నెండోతనం వెతికినా దొరకదు. లెక్కపెట్టినవాడి మనసులో ఒక క్షణం మెరిసినదాన్ని పెన్సిల్ ఆపి ఉంచుతుంది.

అన్నీ ఒకేలా ఉంటేనే కదా అంకె వేసేది? ఈ నమ్మకాన్ని బాగా కదిలించినవాడు చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పి, లండన్ మీదుగా పారిస్ చేరి, హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో స్థిరపడ్డాడు. అక్కడ కైకో మోతీతో కలిసి ఆయన రూపుదిద్దిన పద్ధతిని విస్కోసిటీ ప్రింటింగ్ అంటారు. అంతకుముందు రంగుకో రేకు చొప్పున వేసి, ఒకదాని మీద ఒకటి అచ్చు కొట్టేవాళ్లు. ఈయన ఒక్క రేకునే శిల్పంలా వేర్వేరు లోతుల్లో చెక్కాడు. రంగుల్లో అవిసె నూనె పాళ్లు మార్చి ఒకటి చిక్కగా, ఒకటి పలచగా చేశాడు. మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది, గట్టిది మిట్టల మీదే దొర్లుతుంది. చిక్కదనం తేడా వల్ల రంగులు కలిసిపోకుండా ఒకదాన్నొకటి తోసిపుచ్చుతాయి. రేకు ఒక్కసారి ప్రెస్ దాటితే చాలు, రంగులన్నీ ఒకేసారి కాగితం మీదికి వస్తాయి.

నూనె చుక్క అటూ ఇటూ అయినా, రోలరు మీద చేతి ఒత్తిడి మారినా బొమ్మ మారుతుంది. ఒకే రేకు నుంచి వేర్వేరు రంగుల్లో బొమ్మలు రాబట్టడం ఆయనకు ఇష్టం కూడా. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ ప్రతి ఒకటి చూస్తున్నప్పుడు, ఆ సుడిగుండం మరో కాగితం మీద అచ్చం ఇలాగే తిరుగుతోందని ఎవరూ అనుకోలేరు. ఇక్కడ అన్యోన్యాభావం, అంటే ఇది అది కాదన్నది, అంకె చెప్పకుండానే కంటికి ఆనుతుంది. 1972లో పద్మశ్రీ అందుకున్న ఈ తెలుగు చిత్రకారుడు 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన పేరు తెలిసిన తెలుగువాళ్లకన్నా ఆయన పద్ధతిలో రంగు కలిపే విదేశీ విద్యార్థులే ఎక్కువేమో అనిపిస్తుంది.

సంతకం దగ్గరికి వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. 1930, 1937 మధ్య పికాసో వోలార్ అనే కళావ్యాపారి కోసం వంద రేకులు చెక్కాడు. అచ్చు పూర్తయిన 1939లోనే వోలార్ కారు ప్రమాదంలో పోయాడు. సరుకులో చాలా భాగం సంతకాలు లేకుండానే హెన్రీ పెటియే అనే మరో వ్యాపారి చేతికి చేరింది. పెటియే ఏళ్ల తరబడి కొన్నికొన్నిగా పట్టుకెళ్లి పికాసోతో సంతకాలు చేయించుకున్నాడు. సంతకం ఒక క్షణానికి సాక్షి అనుకుంటే, ఇక్కడ సాక్షి ఎన్నో ఏళ్లు ఆలస్యంగా వచ్చాడు. డాలీ తీరు దీనికి తలకిందులు. 1974లో అండోరాకు వెళ్తున్న ఒక బండిని ఫ్రెంచి కస్టమ్స్ వాళ్లు ఆపి చూస్తే దాదాపు 40,000 కాగితాలు బయటపడ్డాయి. అన్నిటి మీదా డాలీ సంతకం ఉంది, ఒక్కదాని మీదా బొమ్మ లేదు. అసలు సంతకం, పుట్టని బొమ్మ: అచ్చమైన ప్రాగభావం అంటే ఇదే.

1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్ ఈ బెంగలేవీ పెట్టుకోలేదు. లక్ష్మీ సరస్వతుల రంగుల బొమ్మలు ఎన్నయితే అన్ని వేసి అమ్మింది. అవి పటాలై పూజగదుల్లోకి చేరాయి, కుంకుమ బొట్లతో, అగరుపొగతో ఒక్కో ఇంట్లో ఒక్కోలా మారాయి. మా లక్ష్మి ఎన్నో నంబరు ప్రతి అని ఏ ఇల్లాలూ అడగలేదు. ఎన్ని ఇళ్లలో ఉన్నా ఆమె తగ్గిపోతుందన్న భయం భక్తిలో లేదు. అరుదైతేనే విలువ అన్నది అంగడి సిద్ధాంతం, గుడిలో దానికి చోటు దొరకడం కష్టం.

ఇప్పుడు రేకు కూడా పోయింది. 1991లో సంగీతకారుడు గ్రాహమ్ నాష్ పెట్టిన ముద్రణశాలలో ఐరిస్ ఇంక్‌జెట్ యంత్రాన్ని కళకు వాడారు. ఆ ప్రింట్లకు ‘జిక్లే’ అన్న పేరు పెట్టినవాడు అక్కడ పనిచేసిన జాక్ డుగాన్. ఫైలుకు అరుగుదల లేదు. 5,000వ ప్రతి మొదటిదానిలాగే ఉంటుంది. రాగి తనంతట తాను అరిగి ఒక హద్దు పెట్టేది, ఇప్పుడు ఆ హద్దు ఉత్త మాట మీదే నిలుస్తోంది. ఇన్ని గంటలు మాత్రమే అని అమ్మకం తెరిచి, ఎన్ని అమ్ముడైతే అదే ఎడిషన్ అనేవాళ్లూ ఉన్నారు. అక్కడ కొనేవాళ్ల గుంపే హారాన్ని రాస్తుంది. గీత కొట్టడానికి రేకు లేదు, అరగదీయడానికి రాయి లేదు. చూపించడానికి ఏమీ మిగలని ఈ లేమి ముందు కంటిని నమ్మిన నైయాయికుడు తడబడతాడు, అనుపలబ్ధి పక్షంవాడికి ఊపిరాడుతుంది.

అలాగని రాగి కాలంలో అంతా నికార్సుగా సాగిందనడానికి లేదు. క్రీస్తు రోగుల్ని స్వస్థపరచే ఘట్టంతో రెంబ్రాంట్ 1648 ప్రాంతంలో చెక్కిన ‘హండ్రెడ్ గిల్డర్ ప్రింట్’ రేకు, సుమారు 1775లో కెప్టెన్ విలియం బైలీ చేతికొచ్చింది. బాగా అరిగిపోయిన గీతల్ని ఆయన తిరిగి చెక్కి, వంద దాకా ప్రతులు తీసి, ఇక ఎవరూ వేయకుండా రేకును నాలుగు ముక్కలుగా కోసేశాడు. తరువాత ఆ నాలుగు ముక్కలకూ వేర్వేరుగా సిరా పూసి, నాలుగు కొత్త బొమ్మలుగా అచ్చు వేసి అమ్మాడు.