కుండలినీ శిబిరము - ఆచారలింగము



కొత్తచెరువు మీదుగా పుట్టపర్తికి పోవు దారి దేశదేశముల సాధకులకు పరిచితమైనది. ధ్యానము, యోగము అను మాటలు ఈ ప్రాంతమున వీథి అరుగుల మీద సైతము వినవచ్చును. ఇచటి గృహస్థు ఒకడు, పట్టుచీరలు నేసి బ్రదుకువాడు, పది దినముల కుండలినీ యోగ శిబిరమునకు పోవనెంచినాడనుకొందము. తెల్లవారుజామున మేల్కొనుట, మౌనము, మితాహారము, ప్రాణాయామము, బంధములు, గంటల తరబడి ధ్యానము అచటి దినచర్య. ఆ పది దినములును ఇంట మగ్గము ఆగును. "ఇంత విడిచిపోయి తెచ్చుకొనునదేమి?" అని ఇల్లాలు అడుగును. ఆ ప్రశ్నను అజ్ఞానమని త్రోసివేయరాదు.

మూలాధారమున స్వయంభూలింగమును మూడున్నర చుట్లు చుట్టుకొని కుండలినీశక్తి సర్పరూపమున నిద్రించుచున్నదని తంత్రశాస్త్రము చెప్పును. అది మేల్కొని, సుషుమ్నా మార్గమున చక్రములను భేదించి, సహస్రారమున శివునితో కలియుటయే యోగసిద్ధి. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో, ఒకే రాతిని మలచిన మహానాగమును చూడని వారు మనలో అరుదు. శాస్త్రములోని సర్పము నిద్రించుచుండగా లేపాక్షి నాగము మేల్కొనియున్నది. అయినను అది ఎవరిపైనను బుస కొట్టుట లేదు. తన చుట్టల నడుమ లింగమును నిలుపుకొని, ఏడు పడగలను దానికి గొడుగు పట్టినది. మేల్కొనిన శక్తి చేయవలసిన పని యేదో ఆ శిల్పి యెరుగును!

వీరశైవ శివయోగము షట్చక్రములను కాదనలేదు. ఒక్కొక్క చక్రమున ఒక్కొక్క లింగమును నిలిపినది. మూలాధారమున ఆచారలింగము, స్వాధిష్ఠానమున గురులింగము, మణిపూరకమున శివలింగము, అనాహతమున జంగమలింగము, విశుద్ధమున ప్రసాదలింగము, ఆజ్ఞయందు మహాలింగము. భక్తస్థలము మొదలు ఐక్యస్థలము వరకు గల ఆరు స్థలములును ఈ క్రమముననే నడచును. ఇందు మొదటి మెట్టు పేరు గమనింపుడు. అది ఆచారలింగము. నడవడి చక్కబడనిదే పై మెట్టు లేదు. కనుబొమల నడుమ వెలుగు కనబడవలెనని తొందరపడు సాధకుడు తన తూనికలో, మాటలో, ఇంటివారియెడ నడతలో ఏమున్నదో చూచుకొనకున్నచో, పునాది త్రవ్వక కలశమెత్తినట్లగును.

తొందరలోని అపాయము ఊహామాత్రము కాదు. గోపీకృష్ణ అను కాశ్మీర పండితుడు, చిరుద్యోగి, పదునేడేండ్లు ధ్యానాభ్యాసము చేసెను. 1937 డిసెంబరులో జమ్మూయందు ఒక ప్రాతఃకాలమున, వెన్నెముక గుండా కాంతిప్రవాహము శిరస్సులోనికి ఎగసినట్లు ఆయనకు తోచినది. అంతట సుఖము తీరినది. అన్నము సహింపదు, నిద్ర రాదు, దేహమంతయు మంట. మృత్యువునకును ఉన్మాదమునకును నడుమ ఆయన ఏండ్లకొలది నలిగెను. దారి చూపు గురువు చెంత లేడు. ఈ వృత్తాంతమును ఆయనయే 1967లో గ్రంథస్థము చేసినాడు. ఏండ్ల అభ్యాసముగల వానికే ఇట్లయినచో, పది దినములలో జాగృతి కలిగింతుమను ప్రకటనలను ఎట్లు నమ్మవలెను?

గురువున్నంత మాత్రమున భయము తీరునా యనిన, అదియును లేదు. 1969 నుండి అమెరికాలో కుండలినీ యోగమును బోధించిన యోగి భజన్ శిబిరములకు వేలమంది పోయిరి. ఆయన 2004లో మరణించెను. ఆయన స్థాపించిన సంస్థలవారే నియమించిన విచారణ, ఆయనపై వచ్చిన లైంగిక దుష్ప్రవర్తనారోపణలలో పెక్కు నిజమైయుండుటకే అవకాశము హెచ్చని 2020లో తేల్చినది. చక్రములనుగూర్చి అనర్గళముగ చెప్పిన నోరు ఆచారలింగమును మరచినచో ఏమగునో వేరుగ చెప్పవలెనా?

పదునైదవ శతాబ్దమున చామరసు కన్నడమున రచించిన ప్రభులింగలీలలో గోరక్షుని కథ గలదు. యోగబలమున దేహమును వజ్రముగ చేసికొంటినని గోరక్షుడు అల్లమప్రభువు నెదుట గర్వించెను. కత్తి నిచ్చి కొట్టి చూడుమనెను. ప్రభువు కొట్టగా ఖణిల్లను ధ్వని పుట్టినదే కాని వెంట్రుకయైన తెగలేదు. ప్రభువు మెచ్చలేదు. మ్రోగినదనగా దేహము ఇంకను మిగిలియున్నదన్నమాట! పిమ్మట ఆ కత్తినే గోరక్షుని చేతికిచ్చి తన్ను కొట్టుమనెను. అటు నిటు త్రిప్పినను కత్తి బయలులో ఆడినట్లు ఆడినది, తగులుటకు అచట ఏమియు లేదు. గోరక్షుడు పాదములపై వ్రాలెను. యోగమున "నేను" గట్టిపడినదా, కరగినదా? శిబిరమునుండి వచ్చినవానిని ఇంటివారు పరీక్షింపదగిన తీరు ఇదియే. వెన్నులో వేడి పుట్టెననియు, రంగులు కనబడెననియు చెప్పుకొనుచు, పెండ్లాము మాటకు మునుపటికన్న ఎక్కువ విసుగుకొనువానిలో మేల్కొనినది ఏ సర్పమో!

అట్లని శిబిరములన్నియు వ్యర్థమనుట అన్యాయము. కొన్నినాళ్ల మౌనము, మితభోజనము, కుదురుగ కూర్చుండు అలవాటు ఎవరికైనను మేలు చేయును. పోదలచినవాడు ముందుగ ఇంటి ఖర్చునకు ఏర్పాటు చేసి పోవలెను. రుసుమెంతయో, నేర్పువాడు ఎవరియొద్ద నేర్చెనో, నడుమ వెడలిపోదలచినచో పోనిత్తురో లేదో విచారింపవలెను. మతిచాంచల్యమో, మూర్ఛయో, గుండెజబ్బో గలవాడు వైద్యుని అడుగక తీవ్రప్రాణాయామమునకు దిగరాదు. మందులు మానుమని చెప్పు చోటికి అసలే పోరాదు.

పోజాలనివాడు చింతింప పనిలేదు. ఇష్టలింగమును ఎడమ అరచేత నిలిపి, రెప్పవాల్పక చూపు నిలుపు శివయోగము ఇంటనే గలదు. దానికి మగ్గము ఆపనక్కరలేదు, స్నానానంతరము కొంత సమయము చాలును.