మనసు అడుగున రాతిచేప

 

మన బాల్కొండ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు గల్ఫ్ సంపాదనే ఆధారం. జిద్దాలో పనిచేసి వచ్చిన ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత నాకు రాతిచేప గురించి చెప్పాడు. ఎర్ర సముద్రం నుండి పసిఫిక్ మహాసముద్రం వరకు వెచ్చని నీటి అడుగున అది కదలకుండా పడి ఉంటుంది. ఒళ్ళంతా గడ్డలు, వాటిపై నాచు. చూస్తే రాయే! వీపుపై 13 వరకు ముళ్ళు, ఒక్కోదానికి విషపు తిత్తులు. తెలియక కాలు వేస్తే, బరువు పడినకొద్దీ విషం ఎక్కుతుంది. బాధ భరించలేనిది, ప్రాణానికీ ముప్పే. తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అయినా ఆ చేపది తప్పు కాదు. ఆ విషంతో అది ఎవరినీ వెంటాడదు. ఆ ముళ్ళు అల్లాహ్ దాని ఆత్మరక్షణకు ఇచ్చినవి. మరి మనం మనసులో దాచుకునే పగ ఎవరిచ్చినది?

ఆ సోదరుడే తర్వాత తన గోడు చెప్పుకున్నాడు. తాను పంపిన డబ్బుతో కొన్న ఇంటిస్థలం విషయమై అన్నతో ఐదేళ్ళుగా మాటల్లేవు. ఈద్‌గాహ్‌లో ఆలింగనం మాత్రం చేసుకుంటారు. "నా మనసులో ఏమీ లేదు మౌల్వీసాబ్" అనేవాడు. కానీ ఒకరోజు తల్లి ఆ స్థలం మాట ఎత్తగానే అతని నోట వెలువడిన మాటలకు ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. కాలు వేసింది కన్నతల్లి! పేరు లేకుండా ఇది రాయమని అతనే కోరాడు.

సోమ, గురువారాల్లో స్వర్గద్వారాలు తెరవబడతాయని, షిర్క్ చేయని దాసులు క్షమించబడతారని, పరస్పరం పగబట్టిన ఇద్దరి వ్యవహారం మాత్రం వారు రాజీపడేవరకు ఆపబడుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. (సహీహ్ ముస్లింలోని హదీసు భావం.) ఐదేళ్ళలో అలాంటి రోజులు ఐదు వందలకు పైనే!

హక్కు అడగడం పగ కాదు. స్థలం లెక్కను పెద్దల సమక్షంలో కాగితంపై తేల్చుకోండి. సలాం మాత్రం అంతవరకు ఆపకండి. ముందుగా సలాం చేసినవాడే ఇద్దరిలో ఉత్తముడని మన ప్రవక్త (స) బోధించారు.

రేపటి సోమవారం కన్నా ముందే అన్న తలుపు తట్టండి. అల్లాహ్ మన హృదయాలను పగ నుండి పరిశుద్ధపరచుగాక! ఆమీన్.