మిల్లు నేల మీద గృహప్రవేశం

పాతబడిన పేట మళ్లీ కళకళలాడినప్పుడు అక్కడ ఇల్లు కొనుక్కునే కుటుంబానికీ, అంతకుముందు అదే నేల మీద బతికినవాళ్లకూ ఏమైనా సంబంధం ఉందా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. రిజిస్ట్రేషన్ కాగితం దీనికి సగం జవాబే చెబుతుంది. అమ్మినవాళ్లకు హక్కు ఉందా, బ్యాంకు అప్పు ఇస్తుందా, స్టాంపు డ్యూటీ కట్టారా అన్నంతవరకే దాని పని. ఆ నేల మీద చెమటోడ్చినవాళ్లకు తీరాల్సిన బాకీ ఎవరిదో అందులో రాసి ఉండదు.

ముంబయి నడిబొడ్డున ఉన్న గిరణ్‌గావ్‌లో ఈ ప్రశ్న ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. గిరణీ అంటే మరాఠీలో మిల్లు. తెలంగాణలో పిండి మరను గిర్ని అనడం ఇప్పటికీ వాడుకలో ఉంది. పరేల్, లోయర్ పరేల్, వర్లీ, లాల్‌బాగ్ వంటి పేటలన్నీ కలిసిన మిల్లుల ఊరు ఇది. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ తాడ్‌దేవ్‌లో స్థాపించిన నూలు మిల్లుతో ముంబయి మిల్లుల కథ మొదలైంది. తర్వాత కొంకణం నుంచి, పశ్చిమ కనుమల ఊళ్ల నుంచి జనం వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల్లో మగ్గం కూడు పెట్టక పద్మశాలి కుటుంబాలూ బయల్దేరాయి. అంతకుముందే నిజాం రాజ్యం నుంచి కట్టడాల కూలికి వచ్చి, కామాఠీలని పిలిపించుకున్న తెలుగువాళ్ల వల్లనే ముంబయిలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. కాబట్టి ఆ నేల బాకీలో తెలుగువాళ్ల వాటా కూడా ఉంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగిసిందని అధికారికంగా ఎవరూ ప్రకటించలేదు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరికి మిగిలింది నేల, దాదాపు 600 ఎకరాలు. 1991 నాటి నగరాభివృద్ధి నిబంధన ప్రకారం ఆ నేలను మూడు పాళ్లు చేయాలి: ఒక పాలు ఊరందరి ఖాళీ స్థలానికి, ఒక పాలు ప్రభుత్వ గృహనిర్మాణానికి, ఒక పాలు యజమానికి. 2001లో ఆ నిబంధన మారింది. మిల్లు షెడ్లు ఉన్న నేలను లెక్కలోంచి తీసేసి, అప్పటికే ఖాళీగా ఉన్న నేలను మాత్రమే పంచితే చాలన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. చట్టం దగ్గర ఆ వివాదం అక్కడితో తీరింది, ధర్మం దగ్గర తీరలేదు.

ఇప్పుడు ఆదివారం పూట ఇల్లు చూడడానికి వచ్చే కుటుంబాన్ని తలచుకోవాలి. ముప్పయ్యో అంతస్తులో నమూనా ఫ్లాటు. పిల్లలు గదిగదికీ పరిగెత్తి ఏది ఎవరిదో పంచేసుకుంటారు. నాయనమ్మ ముందు తూర్పు ఎటో అడుగుతుంది, పొయ్యి ఆగ్నేయంలో ఉందో లేదో చూస్తుంది, దేవుడి మందసం పెట్టే గోడను చేత్తో తడిమి చూస్తుంది. తల్లి వంటింటి కుళాయి తిప్పి నీళ్ల ధార ఎలా ఉందో గమనిస్తుంది. తండ్రి బాల్కనీలోకి వెళతాడు. కింద పొగ మానేసిన ఇటుక చిమ్నీ, దాని పక్కన చాళ్ల (కార్మికుల ఒంటిగది ఇళ్ల వరసల) పెంకుల కప్పులు, వరండా పొడుగునా ఆరేసిన బట్టలు. ఆ చాళ్లు ఎప్పటికి ఖాళీ అవుతాయని అడుగుతాడు. అమ్మకాల కుర్రవాడు రెండేళ్లంటాడు. ఆ మాటలో ఎవరికీ చెడు తలపు లేదు. అయినా ఒక కుటుంబం గూడు వెతుక్కునే వేళ ఇంకో కుటుంబం గూడు ఖాళీ కావడం సౌకర్యంగా తోచింది. అసలు ప్రశ్న పుట్టేది ఆ క్షణంలోనే.

పాశ్చాత్య తత్త్వవేత్తల్లో దీనికి దగ్గరగా వచ్చినవాడు జాన్ లాక్. 1689లో వెలువడిన గ్రంథంలో ఆయన ఆస్తి హక్కుకు శ్రమను మూలంగా చూపాడు. ఇతరులకు కూడా చాలినంత మిగలాలన్న షరతు కూడా పెట్టాడు. మొదటి భాగాన్ని యజమానులు బాగా గుర్తుపెట్టుకున్నారు, షరతును మరిచారు. అయినా లాక్ ఆలోచనంతా హక్కు చుట్టూనే తిరుగుతుంది. శ్రామిక పేటల్లోకి కలిగినవాళ్లు చేరి, పాతవాళ్లు చెదిరిపోయే తీరుకు 1964లో లండన్‌ను గమనించి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టిన రూత్ గ్లాస్ జరిగేదాన్ని వివరించింది. కొన్న మనిషి ఏం చేయాలో చెప్పడం ఆమె పెట్టుకున్న పని కాదు.

ఆ పనికి భారతీయ సంప్రదాయంలో ఎక్కువ ఆధారం దొరుకుతుంది. ఇల్లు దానంతటదే నిర్దోషమని ఈ సంప్రదాయం ఎన్నడూ అనుకోలేదు. గృహస్థు ఇంట్లో అయిదు హింసా స్థానాలు ఉంటాయని ధర్మశాస్త్రం చెబుతుంది: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ల కుండ. నిప్పు రాజేసినా నేల ఊడ్చినా తెలియకుండానే ఏదో ఒక ప్రాణి నలిగిపోతుంది. దీనికి శాస్త్రం చెప్పిన విరుగుడు ఇల్లు వదిలేయడం కాదు, రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాలు. వాటిలో అతిథికి పెట్టే అన్నం ఉంది, భూతబలి ఉంది. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా బాధ్యత ఉంటుందని, దాన్ని రోజూ తీర్చుకోవాలని ఇందులోని భావం. బాల్కనీలో నిలబడ్డ తండ్రికి ఇంతకన్నా సరిగ్గా అతికే సూత్రం దొరకడం కష్టం. మిల్లు మూసింది అతను కాదు, నిబంధన మార్చింది అతను కాదు. అయినా అతని పొయ్యి వెలిగేది ఆ నేల మీదే.

వరాహమిహిరుడి బృహత్సంహితలో ఇంకో మెట్టు ఉంది. విగ్రహం కోసం చెట్టు కొట్టే ముందు దాన్ని పూజించాలి; అందులో ఉన్న భూతాలకు నమస్కరించి, బలి స్వీకరించి నివాసం మార్చుకొమ్మని వేడుకోవాలి. కంటికి కనిపించని ప్రాణులను కూడా అడిగి, ఇవ్వాల్సింది ఇచ్చి కదిలించమన్నది విధి. వాస్తుశాంతి కోసం వేలు ఖర్చుపెట్టే కుటుంబం ఆ నేల మీద కంటికి కనిపించిన మనుషుల్ని ఎవరైనా అడిగారా అని విచారించకపోతే పూజలో పెద్ద లోపమే మిగిలిపోతుంది.

అడగకుండా కట్టిన మేడ ఏమవుతుందో మహాభారతం చూపింది. అర్జునుడి అండతో ఖాండవ వనం తగలబడినప్పుడు తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు మాత్రమే ప్రాణాలతో బయటపడ్డాయి. ఆ మయుడు పాండవులకు కట్టిన సభలోనే దుర్యోధనుడు భంగపడ్డాడు, ఆ కసి జూదానికి దారితీసింది. తల్లిని పోగొట్టుకున్న అశ్వసేనుడు కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి తలకు గురిపెట్టాడు.

అయితే పాత పేటను ఉన్నదున్నట్టు ఉంచేయాలన్న వాదం కూడా న్యాయం కాదు. 1920లలో కట్టిన వర్లీ బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. అందులోనే వంట, అందులోనే మూడు తరాల నిద్ర. మరుగుదొడ్లు ఉమ్మడివి, తెల్లవారుజామున బకెట్టుతో వరసలో నిలబడాలి. వాన కురిస్తే గోడ చెమ్మ. ఇరుగుపొరుగు ఆత్మీయతను దూరం నుంచి మెచ్చుకునేవాళ్లు ఆ వరసలో నిలబడలేదు. చాల్‌లో పెరిగిన ఆడపిల్ల తలుపు వేసుకోగల గది కోరుకోవడం ఆశ కాదు, అవసరం. బాగుపడడం తప్పు కాదు. బాగుపడ్డ చోట పాతవాళ్లు లేకపోవడం తప్పు.

ఇక్కడ శతపథ బ్రాహ్మణం దారి చూపుతుంది. దేవ, ఋషి, పితృ రుణాలు అందరికీ తెలిసినవే. ఆ గ్రంథం వాటికి నాలుగోది కలిపింది: మనుష్య రుణం. అది తీరేది సాటి మనుషులకు ఉండడానికి చోటు, తినడానికి అన్నం ఇవ్వడం వల్లనే అని కూడా చెప్పింది. చోటు వల్ల పుట్టిన రుణం చోటుతోనే తీరాలి; డబ్బు దానంగా ఇచ్చినా, జ్ఞాపకంగా చిమ్నీని నిలిపి ఉంచినా చాలదు.

ఇది ఆచరణలో చాలా మామూలు విషయాల దగ్గర తేలుతుంది. ఈ నగరంలో పునర్నిర్మాణమంటే తరచు ఒకే స్థలంలో రెండు కట్టడాలు: పాతవాళ్లకు రీహాబ్ భవనం, కొత్తవాళ్లకు సేల్ భవనం. రెండింటి మధ్య గోడ ఉండవచ్చు, గేట్లు వేరు కావచ్చు, తోట ఒకరికే ఉండవచ్చు. ఆ గోడ లేపాలా వద్దా, పిల్లలు ఒకే చోట ఆడుకోవాలా వద్దా అన్నది రేపు సొసైటీ సమావేశంలో చేతులెత్తి తేల్చేది కొనుక్కున్న కుటుంబాలే. వీధి పని కూడా ఉమ్మడిదే. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ దగ్గర ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. మిల్లుల స్థానంలో ఆఫీసులు వచ్చి జనం పెరిగినా వంతెన పెరగలేదు. మేడ మీద ఉన్నవాళ్లు రైలెక్కకపోయినా, వాళ్లింట్లో పనిచేసేవాళ్లు ఆ మెట్ల మీదుగానే వస్తారు.

కాబట్టి ఇల్లు చూడడానికి వెళ్లే కుటుంబం కార్పెట్ ఏరియాతో పాటు ఇంకో మూడు సంగతులు అడగాలి: ఇక్కడ ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు, వాళ్ల ఇళ్లు ముందు కడుతున్నారా తర్వాతా, వాళ్ల గేటు ఎటువైపు. జవాబు సరిగా లేకపోతే వేరే ఇల్లు చూసుకోవాలి. సరైన జవాబు అసాధ్యమేమీ కాదు. వర్లీ బీడీడీ పునర్నిర్మాణంలో 160 చదరపు అడుగుల గదికి బదులు అదే పేటలో 500 చదరపు అడుగుల ఫ్లాటు ఉచితంగా ఇస్తున్నారు. 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబాలకు తాళాలు అందాయి.